మూడు నాలుగు తరాల శాపం: క్రమానుగత ప్రత్యక్షతపై అపోహలు - వాస్తవాలు

బైబిల్ స్టడీ ముగిశాక ఒకావిడ ఆగిపోయింది. బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. అందులో తాతలు, ముత్తాతల పేర్లు. ఒక్కో పేరు పక్కన ఎర్ర ఇంకుతో తాగుడు, మోసం, సోదె అని రాసుంది. "అయ్యగారూ, నాకు రెండుసార్లు గర్భం పోయింది. వీళ్లలో ఎవరి పాపమో తేలితే, ఆ పేరు పెట్టి ప్రార్థన చేయాలట." తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుందనే నిర్గమకాండము 20:5ను ఎవరో చూపించి పంపారు. డాక్టరుకు చూపించుకున్నారా అంటే, శాపం పోయాక వెళ్దామని ఆగాం అంది. ఇలాంటి కాగితాలు నేను ఇంతకుముందూ చూశాను. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, ఆమె మీద కాదు.

అపోహ: అన్నీ దేవుని మాటలే కదా, ఏ వాక్యాన్నైనా విడిగా తీసి నాకు అన్వయించుకోవచ్చు.

వాస్తవం: దేవుని మాటలే, కానీ ఆయన అన్నీ ఒక్కరోజే చెప్పలేదు, అంచెలంచెలుగా తెలియజేశాడు. క్రమానుగత ప్రత్యక్షత అంటే ఇదే. హెబ్రీ పత్రిక మొదలయ్యేదే ఆ మాటతో. ముందు ఆ వాక్యాన్నే పూర్తిగా చదవండి. మూడు నాలుగు తరాలన్నది దేవుణ్ణి ద్వేషించేవారి గురించి. పక్క వాక్యంలోనే ప్రేమించేవారికి వెయ్యి తరాల కరుణ ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పరు! తండ్రి దోషానికి కొడుకును చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16. బబులోను చెరలో ఉన్న యూదులేమో, తండ్రులు ద్రాక్షకాయలు తింటే మా పళ్లు పులిశాయని సామెత చెప్పుకుంటూ కూర్చున్నారు. ఆ సామెత ఇక పలకొద్దని యెహెజ్కేలు 18. నిర్గమకాండము తప్పయితే ప్రవక్త దిద్దాడని కాదు, జనం దాన్ని సాకుగా వాడుకుంటుంటే ఆ సాకు లాగేశాడు. తండ్రి తాగితే పిల్లలు పస్తులుంటారు, నిజమే. అంతమాత్రాన ఆ దోషం వాళ్లదైపోదు. చివరికి యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూపి, పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు యేసు. వాక్యాన్ని ఆయన దాకా చదవకుండా మధ్యలో ఆపి ఎవరినీ భయపెట్టకండి.

మిగతా అపోహలు టూకీగా. పాత నిబంధన కొట్టేశారా? ఆ పని చేయబోయిన మార్కియోను అనే బోధకుణ్ణి రోము సంఘం క్రీ.శ. 144 ప్రాంతంలో వెలివేసింది. యేసు చదివిన లేఖనాలు అవే. తక్కువ తెలిసిన అబ్రాహాముది తక్కువ విశ్వాసమా? బైబిల్ కాలేజీలో నేనూ అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. రోమా 4లో పౌలు మనకు మాదిరిగా చూపింది ఆయన్నే. నిన్న రాత్రి నాకు కొత్త ప్రత్యక్షత వచ్చిందనేవాళ్లకు యూదా పత్రిక 3వ వచనం చాలు: బోధ ఒక్కసారే అప్పగించబడింది.

ఆ వాక్యాలన్నీ ఆవిడ చేతే పైకి చదివించాను. యోహాను 9 దగ్గర గొంతు పట్టేసి రెండుసార్లు ఆగింది.

"మరి ఈ కాగితం ఏం చేయను?"

"ఆ ఎర్ర ఇంకు కొట్టేసి దాచుకోండమ్మా. మీ ముత్తాతల పేర్లు ఇంకెక్కడ దొరుకుతాయి? రేపు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి."