ఈకల్లోని నల్లులకు పేర్లు పెట్టడం ఎందుకింత ఆలస్యం?

ఉత్తర అమెరికాలో ఒకప్పుడు గుంపులుగా తిరిగిన కరోలినా చిలుకల్లో బోనులో మిగిలిన చివరిది 1918లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఆ జాతి చిలుకల ఈకల మీద బతికిన ఆరు కొత్త జాతుల నల్లులకు (మంచాల్లో ఉండే నల్లులు కావు, సాలీళ్ల బంధువులైన సూక్ష్మజీవులు) శాస్త్రీయ నామాలు దక్కింది మాత్రం 2005లో. మిరోనోవ్, డాబెర్ట్, ఎర్న్‌స్‌బెర్గర్ అనే ముగ్గురు పరిశోధకులు మ్యూజియంలో దాచిన ఆ చిలుకల చర్మాల నుంచి వాటిని ఏరి వర్ణించారు.

ఫెదర్ మైట్లు అనే ఈ నల్లులు అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటాయి. కోళ్ల ఫారాల్లో రక్తం పీల్చే ఎర్రనల్లి వేరు, ఇవి వేరు. వీటిలో చాలావాటికి ఈకల మీది జిడ్డు, బూజు, బాక్టీరియాలే ఆహారం. పక్షికి వీటివల్ల మేలే జరుగుతుందని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. బహుశా అందుకే వీటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నష్టం చేయని పురుగుకు నిధులు రావు మరి! పదివేలకు పైగా పక్షి జాతులుంటే, ఇంతవరకు వర్ణించిన ఈక నల్లులు సుమారు 2,500. ఒకే పక్షి మీద ఈకలో ఒక్కో చోట ఒక్కో రకం కాపురం ఉండటం మామూలే కాబట్టి అసలు లెక్క దీనికి ఎన్నో రెట్లు ఉండాలి.

1758లోనే, జీవులకు రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ వీటిలో ఒకదానికి పేరు పెట్టాడు. గట్టిగా పని మొదలైంది మాత్రం 1880ల ఫ్రాన్సులో. పశువైద్యుడు మెన్యాఁ, పక్షులూ క్షీరదాలూ చదివిన త్రూయెస్సార్ కలిసి పదుల కొద్దీ జాతులను వర్ణించారు. ఎండబెట్టి దాచిన పక్షి చర్మాలు వాళ్లకు పెద్ద ఆధారం. చనిపోయిన నల్లి కూడా ఈకను అంటిపెట్టుకునే ఉంటుంది. అయితే చిక్కూ అక్కడే ఉంది. వేటగాడి సంచిలోనో మ్యూజియం సొరుగులోనో రెండు పక్షులు పక్కపక్కన పడి ఉంటే ఒకదాని నల్లి రెండోదాని మీదికి చేరుతుంది. లేబుల్ మీదున్న పక్షి పేరే నల్లికి చిరునామా అయిపోతుంది.

నల్లులు తల్లిపక్షుల నుంచి పిల్లలకు గూట్లోనే అంటుకుంటాయి కాబట్టి, ప్రతి పక్షి జాతికీ తనదైన నల్లి ఉంటుందని చాలాకాలం నమ్మారు. వేరే పక్షి మీద దొరికితే వేరే జాతే అనుకోవడం తేలికైంది. సోవియట్ యూనియన్‌లో దుబినిన్, తర్వాత అమెరికాలో ఆట్యో, ఫ్రాన్సులో గో అనే శాస్త్రవేత్తలు ఈ రంగాన్ని ఒక దారికి తెచ్చారు. ఆట్యో, గో కలిసి 1996లో తెచ్చిన ప్రపంచ ఈక నల్లుల గ్రంథం రెండు భాగాలు. అందులో ఒక భాగం మొత్తం బొమ్మలే. అది ఆడంబరం కాదు. ఈ పనిలో బొమ్మే సాక్ష్యం.

నల్లిని లాక్టిక్ ఆమ్లంలో పారదర్శకంగా చేసి, స్లైడు మీద అతికించి, మైక్రోస్కోపు కింద ఒక్కో వెంట్రుక ఎక్కడుందో, ఎంత పొడవుందో కొలుస్తారు. దగ్గరి జాతుల్లో ఆడవి దాదాపు ఒకేలా ఉంటాయి. మగవాటి జననాంగాలు, శరీరం చివరి భాగం చూస్తే గానీ తేడా తేలదు. 2000 నుంచి అమల్లో ఉన్న జంతు నామకరణ నియమావళి ప్రకారం, కొత్త పేరు పెట్టేవారు ప్రామాణిక నమూనా (ఆ పేరుకు ఆధారంగా నిలిచే నల్లి) ఏదో చెప్పి, దాన్ని ఎక్కడ భద్రపరిచారో రాయాలి.

ఇంతలో డీఎన్ఏ వచ్చింది. ఇప్పుడు నల్లి పైకవచం పాడవకుండా డీఎన్ఏ తీసి, అదే నల్లిని స్లైడుగానూ దాచుకోవచ్చు. స్పెయిన్‌లో డోన్యా, జొవాని బృందం 2017లో వెలువరించిన విశ్లేషణ పాత నమ్మకానికి గట్టి దెబ్బే కొట్టింది. నల్లులు ఒక పక్షి జాతి నుంచి ఇంకోదానికి మారి, అక్కడ కొత్త జాతులుగా చీలడం అనుకున్నదానికంటే చాలా ఎక్కువట. అంటే పక్షి పేరు చూసి నల్లి పేరు ఊహించే పద్ధతి ఇక నడవదు.

అలాగని డీఎన్ఏతోనే పని తెమలదు. ఒక నల్లి డీఎన్ఏ అక్షరాల వరుస డేటాబేస్‌లో దేనితోనూ సరిపోలకపోతే అది కొత్త జాతే అని చెప్పలేం. త్రూయెస్సార్ ఎప్పుడో పేరు పెట్టగా, ఇప్పటిదాకా ఎవరూ డీఎన్ఏ తీయని పాత జాతే కావచ్చు. ఆనాటి స్లైడు నుంచి డీఎన్ఏ రాబట్టడం చాలా కష్టం. అందుకని అదే ప్రాంతంలో అదే పక్షిని మళ్లీ పట్టి, రెక్కను వెలుతురుకు ఎత్తి చూసి, కొత్త నల్లులను తీసి పాత బొమ్మలతో పోల్చాలి. ఆ పోలిక చేయగలిగే నిపుణులు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే.