ప్రకార్యవాదం: అపోహలు, వాస్తవాలు

ఒక ఆచారం గానీ సంస్థ గానీ సమాజం నిలబడటానికి ఎలా తోడ్పడుతుందో, అంటే దాని ప్రకార్యం ఏమిటో చూసే సిద్ధాంతమే ప్రకార్యవాదం. ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ విద్యార్థులకు సమాజశాస్త్రం బోధిస్తున్న నాకు, ఈ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ దాదాపు ఇవే అపోహలు ఎదురవుతుంటాయి.

అపోహ: ఒక ఆచారానికి ప్రకార్యం ఉందంటే ఆ ఆచారం మంచిదని ఒప్పుకున్నట్లే.

వాస్తవం: అన్నిటికంటే మొండిగా పాతుకుపోయిన అపోహ ఇదే. అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1949లో వెలువరించిన గ్రంథంలో, వ్యవస్థ సర్దుబాటుకు తోడ్పడే పరిణామాలను ప్రకార్యాలుగానూ, దానిని దెబ్బతీసేవాటిని డిస్‌ఫంక్షన్లుగానూ విడదీశాడు. ఒకే ఆచారం ఒక వర్గానికి మేలు, మరొక వర్గానికి కీడు చేయవచ్చని కూడా స్పష్టం చేశాడు. మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రనే చూడండి. అమ్మవారిని పుట్టింటికి తెచ్చినట్లుగా దేశీబెహరా వీధిలోని తాత్కాలిక మందిరానికి తీసుకువస్తారు. ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు పూయించుకుని, రంగు ఆరేదాకా చేతులు దూరంగా చాపి నిలబడే పులివేషం కుర్రవాడిని అడిగితే, మొక్కు తీర్చుకుంటున్నానని చెబుతాడు. అది అందరికీ తెలిసిన, వ్యక్త ప్రకార్యం. సూరత్ వలస వెళ్లినవారు ఇళ్లకు చేరడం, నేతపనివారి కుటుంబాల పెద్దరికాన్ని ఊరంతా మరోసారి గుర్తించడం, పెళ్లిసంబంధాల మాటలు కదలడం ఎవరూ సంకల్పించుకోని గుప్త ప్రకార్యాలు. అప్పు చేసి వేషం కట్టించిన ఇంటికి మాత్రం అదే యాత్ర భారమవుతుంది. కనుక ప్రకార్యం ఎవరికి అన్న ప్రశ్న లేకుండా విశ్లేషణ పూర్తి కాదు.

అపోహ: ప్రకార్యం చెబితే పుట్టుకకు కారణం చెప్పినట్లే.

వాస్తవం: ఈ రెండింటినీ వేర్వేరుగా పరిశీలించాలని ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1895లోనే హెచ్చరించాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సరిహద్దుకు ఇటువైపు, ఒడిశాలోకి వచ్చింది. రెండు వైపుల ధరలూ బేరీజు వేసుకుని సరుకు కొనే అలవాటు ఆ సరిహద్దు వల్ల ఏర్పడినదే అయినా, దానికోసమే సరిహద్దు గీశారని ఎవరూ అనరు కదా!

అపోహ: ప్రకార్యవాదులందరిదీ ఒకే మాట.

వాస్తవం: మానవశాస్త్రవేత్తల్లో మాలినోవ్‌స్కీ వ్యక్తుల అవసరాల నుంచి బయలుదేరగా, రాడ్‌క్లిఫ్-బ్రౌన్ సామాజిక నిర్మితి కొనసాగింపు మీద దృష్టి పెట్టాడు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త పార్సన్స్ ప్రతి వ్యవస్థకూ అనుకూలనం, లక్ష్యసాధన, సమైక్యత, విలువల పరిరక్షణ అనే నాలుగు అవసరాలు ఉంటాయన్నాడు.

అపోహ: ఈ సిద్ధాంతం సంఘర్షణను అసలు పట్టించుకోదు.

వాస్తవం: నేరం కూడా ప్రతి సమాజంలోనూ ఉండే సాధారణ విషయమేనని డర్క్‌హైమ్ వాదించాడు, సంఘర్షణ నెరవేర్చే ప్రకార్యాల మీద సమాజశాస్త్రవేత్త లూయిస్ కోజర్ 1956లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అయితే అసమానతల విషయంలో వచ్చిన విమర్శ న్యాయమైనదేనని నా అభిప్రాయం. ముఖ్యమైన పదవుల్లోకి సమర్థులను రప్పించడానికే హెచ్చు ప్రతిఫలాలు ఉంటాయని సమాజశాస్త్రవేత్తలు డేవిస్, మూర్ 1945లో ప్రతిపాదించారు. పుట్టిన ఇంటి స్థితిగతులను బట్టి చదువు అందుతున్నప్పుడు ఆ సమర్థులెవరో తేలేదెలా అని 1953లో మెల్విన్ ట్యూమిన్ నిలదీశాడు. డేవిస్, మూర్‌ల వాదన రాసి ట్యూమిన్‌ను వదిలేసిన జవాబుకు నేను పూర్తి మార్కులు వేయను.