బొమ్మకు సాష్టాంగం నేర్పిన సెలవులు

పర్లాకిమిడి

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీరు నన్ను వరండాలో బోర్లా పడుకోబెట్టి ఫోనులో వీడియో తీసిన సంగతి వీధంతా పాకింది. పాలు పోయడానికి వచ్చినాయన నేను పడిపోయాననుకుని చెంబు అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చాడు. సెకండ్ లైఫ్‌ అనే కంప్యూటర్ లోకంలో మా పిల్లల బొమ్మకు దండం పెట్టడం నేర్పుతున్నామని చెబితే, నా ముఖం, మీ అమ్మ ముఖం మార్చి మార్చి చూశాడు.

ఆ బొమ్మను మీరు అవతార్ అంటారు. మేము బురదలో ఆడి ఇంటికొస్తే మా అమ్మ "ఏమిటిరా ఆ అవతారం" అనేది. మాట అదే.

మీ బొమ్మ నుదురు నేలకు ఎందుకు ఆనలేదో పెద్దవాడు చెప్పాక నాకు అర్థమైంది. కదలికను దాచుకున్న ఫైలులో తుంటి ఎక్కడుందో, ఒక్కో కీలు ఎంత తిరిగిందో మాత్రమే ఉంటుంది. నేల ఎక్కడుందో దానికి తెలియదు. అందుకే ఒకే దండాన్ని ఒక బొమ్మ గాలిలో నాలుగు వేళ్ల ఎత్తున పెట్టింది, ఇంకొక బొమ్మ తల బండలోకి దిగిపోయింది. 2003లో మొదలైన ఆ లోకంలో బొమ్మల వేళ్లకు ఎముకలు వచ్చింది 2016లోనట. అంతవరకు చేతులు జోడించడం ఎంత కష్టమై ఉంటుందో!

మన సాష్టాంగానికి ఎనిమిది అంగాలు: రొమ్ము, తల, చూపు, మనసు, మాట, పాదాలు, చేతులు, మోకాళ్లు. ఇందులో ఐదింటిని మీరు కొలిచి బొమ్మకు ఎక్కించారు. చూపు, మనసు, మాట మాత్రం మీట నొక్కే మీ దగ్గరే ఉండిపోయాయి. ఆడవాళ్లు రొమ్ము నేలకు ఆనించకుండా పంచాంగ నమస్కారం చేస్తారు కాబట్టి, చిన్నదాని బొమ్మకు వేరే కదలిక కావాలి. అది నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ముస్లింలు నమాజులో నేలకు వంగి చేసే సజ్దాకు ఏడు ఆనాలి: నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. నుదురుతో పాటు ముక్కు కూడా తాకాలి. 2007లో ఇస్లామ్ ఆన్‌లైన్ వెబ్‌సైటు వాళ్లు ఆ లోకంలోనే హజ్ విధులు నడిచి చూసేలా ఏర్పాటు చేశారు. యాత్రకు వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవడానికి అది పనికొచ్చేది.

మన గజపతి జిల్లా చంద్రగిరికి మిమ్మల్ని తీసుకెళ్లలేకపోయానని ఇప్పుడు బాధగా ఉంది. 1963లో టిబెట్ వాళ్లు అక్కడ స్థిరపడ్డారు. 2010లో దలైలామా వచ్చి అక్కడి పెద్ద విహారాన్ని ప్రారంభించారు. వాళ్ల దండం చూడాల్సిందే. జోడించిన చేతులు నడినెత్తికి, గొంతుకు, గుండెకు తాకించి, మోకాళ్లు వంచి, అరచేతుల కింద గుడ్డలు పెట్టుకుని చెక్క పలక మీద సర్రున ముందుకు జారతారు. వెంటనే లేచి మళ్లీ మొదలు. దీక్షలో ఉన్నవాళ్లు అలా లక్ష పూర్తి చేస్తారు. ఏళ్ల తరబడి ఒళ్లు రాసుకుని పలకలు నున్నగా అద్దంలా మెరుస్తాయి. మీ బొమ్మ ఎన్నిసార్లు మొక్కినా దాని కింద నేల అరగదు కదా!

ఇంకొకటి మరిచాం. మీట వదలగానే మీ బొమ్మ స్ప్రింగులా నిటారుగా లేచి నిలబడుతోంది. లేవడం కూడా దండంలో భాగమే: ముందు చేతులు ఊనాలి, తర్వాత మోకాలు, ఆ తర్వాత నడుము. దసరాకు వచ్చినప్పుడు అది కూడా తీద్దాం. నా ఎడమ మోకాలి మూలుగు మాత్రం దానికి ఎక్కించకండి.

మీ తాతయ్య