తొండి ఎవరిది?

చిన్నూ, బుజ్జీ,

దసరా సెలవులయ్యి మీరు వెళ్లాక వీధంతా బోసిపోయింది. మీరున్నప్పుడు చెప్పలేకపోయిన మాట ఒకటి మనసులో ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు బౌలర్ వైపు నిలబడ్డ చిన్నూ, బంతి వేయకముందే గీత దాటి ఉరికాడు. పక్కింటి అబ్బాయి బౌలింగ్ ఆపి, వికెట్లుగా పేర్చిన ఇటుకలకు బంతి తగిలించాడు. "తొండి! తొండి!" అని ఇద్దరూ ఒకటే గోల. బ్యాట్ చంకన పెట్టుకుని లోపలికి వచ్చేశారు. ఆ పిల్లాడు చేతిలో బంతితో గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వరండాలోంచి చూస్తూనే ఉన్నాను.

అంతకుముందు మీరే నాకు ఒక వీడియో చూపించారు. 2022 సెప్టెంబరులో లార్డ్స్‌లో మన దీప్తి శర్మ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ను సరిగ్గా అలాగే రనౌట్ చేసింది. ఇంగ్లండ్‌కు అది ఆఖరి వికెట్, గెలుపుకు ఇంకా 17 పరుగులు కావాలి. "రూల్ అంటే రూలే తాతయ్యా!" అని చప్పట్లు కొట్టారు. నేనూ దీప్తి వైపే. 1947లో సిడ్నీలో మన బౌలర్ వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఇలా అవుట్ చేస్తే, ఆ అవుట్‌కు మన్కడ్ పేరే తిట్టులా తగిలించారు. ఆయన తప్పేమీ లేదని ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మనే అన్నాడు. గీత దాటినవాడి పేరు మాత్రం దేనికీ పెట్టలేదు.

మనవాళ్లు చేస్తే రూలు, అవతలివాళ్లు చేస్తే తొండి అనడం ఒక్క దేశానికున్న జబ్బు కాదర్రా. 2023లో లార్డ్స్‌లోనే, బంతి అయిపోయిందనుకుని క్రీజు వదిలిన ఇంగ్లండ్ బ్యాటర్ బెయిర్‌స్టోను ఆస్ట్రేలియా కీపర్ కేరీ స్టంపౌట్ చేస్తే ఇంగ్లండ్ కోచ్ మెకల్లమ్ నొచ్చుకున్నాడు. అదే మెకల్లమ్ 2006లో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్‌కు ఆడుతూ, సెంచరీ కొట్టిన శ్రీలంక ఆటగాడు సంగక్కరను అభినందించడానికి వెళ్లిన మురళీధరన్‌ను రనౌట్ చేశాడు. పదేళ్లకు ఒక సభలో సంగక్కర ముందే క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ మాటకు మెకల్లమ్ అంటే నాకు గౌరవం పెరిగింది.

ఇక మన సంగతి. 2021లో సిడ్నీలో కొందరు ప్రేక్షకులు మన హైదరాబాదీ సిరాజ్‌ను జాతి పేరుతో తిడితే మన ఇంట్లో అందరి రక్తం మరిగింది. 2023 అక్టోబరులో అహ్మదాబాద్‌లో అవుటై వెళ్తున్న పాకిస్తాన్ ఆటగాడు రిజ్వాన్‌ను మన ప్రేక్షకులు కొందరు గేలి చేస్తూ నినాదాలిస్తే, "వాళ్ల దేశంలో మనవాళ్లను చేయరా ఏంటి?" అన్నారు ఇదే ఇంట్లో. నేను నోరు మెదపలేదు. అది ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది. అంతకు నాలుగు రోజుల ముందే మన ఉప్పల్‌లో అదే రిజ్వాన్ 131 కొట్టి అజేయంగా నిలిస్తే జనం ఉత్సాహపరిచారు. రావల్పిండిలో ఆడుతున్నట్టే ఉందన్నాడు.

1999లో చెన్నైలో సచిన్ 136 కొట్టినా పాకిస్తాన్ 12 పరుగులతో గెలిచింది. నాకు అన్నం సహించలేదు. టీవీలో చూస్తే స్టేడియం మొత్తం లేచి నిలబడి వాళ్లకు చప్పట్లు కొడుతోంది. ఓడిపోయిన బాధ మొహాల్లో కనిపిస్తూనే ఉంది, అయినా చేతులు ఆగలేదు.

పక్కింటి అబ్బాయి నిన్న గేటు దగ్గరికొచ్చి, సంక్రాంతికి వస్తారా అని అడిగాడు. వస్తారని చెప్పాను. ఇటుకలు అక్కడే ఉన్నాయి.

మీ
తాతయ్య