తీగ ఒకటే, పికప్ వినే చోటు వేరు

మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్లు రెండింటిని పక్కపక్కన పెట్టి ఏది బాగుందో తేల్చమంటే నేను ముందు చూసేది గిటార్లను కాదు, యాంప్లిఫయర్ మీద వాల్యూమ్ నాబ్‌ని. మొదట్లో నాకు ఈ అలవాటు లేదు. ఓసారి మధ్యాహ్నమంతా కూర్చుని రెండింటినీ మార్చి మార్చి వాయించి, ఒకదాని నాదం నిండుగా ఉందనీ రెండోది పలచగా ఉందనీ తీర్పు చెప్పేశాను. ఒక స్నేహితుడు ఏమీ మాట్లాడకుండా రెండింటి వాల్యూమ్ సమానం చేసి, నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని తానే వాయించాడు. అయిదుసార్లలో మూడుసార్లు తప్పు చెప్పాను.

తప్పు చెవిది. మంద్ర ధ్వనుల విషయంలో మన చెవి బాగా మొద్దు. ఎంత మొద్దో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే గ్రాఫు గీసి చూపించారు. వాల్యూమ్ తగ్గించినప్పుడు అన్నిటికంటే ముందు వినబడకుండా పోయేవి మంద్ర ధ్వనులే. కొంచెం పెంచితే మిగతా వాటికంటే ఎక్కువగా ముందుకొచ్చేవీ అవే. అంచేత రెండు బేస్‌లలో ఏది రవ్వంత గట్టిగా మోగితే అదే 'నిండుగా' ఉన్నట్టు తోస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకుండా చేసిన పోలికలను నేను నమ్మడం మానేశాను.

ఇంకో వింత ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. ఫోనులో ఉండే చిన్న స్పీకర్ ఆ పౌనఃపున్యాన్ని దాదాపు పలకలేదు. అయినా ఫోనులో పాట వింటూ బేస్ ఏ స్వరం వాయిస్తోందో పోల్చుకుంటాం. ఎలాగంటే, తీగ ఎప్పుడూ ఒక్క పౌనఃపున్యంతో కంపించదు. 41తో పాటు దానికి రెట్టింపు 82, మూడు రెట్లు 123, నాలుగు రెట్లు 164, అలా పైకి ఒక వరస మొత్తం మోగుతుంది. వీటిని అనుస్వరాలు అంటారు. పైవి వినబడితే చాలు, అడుగున ఉండాల్సిన 41ని మెదడు తనే పూరించుకుంటుంది. కాబట్టి బేస్ 'టోన్' అని మనం అనేది చాలావరకు ఆ అడుగు స్వరం గురించి కాదు. దాని పైన ఉన్న అనుస్వరాలలో ఏది ఎంత పాళ్లలో ఉందన్నదే టోన్. ఆ పాళ్లను పికప్ ఎలా మారుస్తుందో చూద్దాం.

పికప్ మైక్ కాదు. అది గాలిలోని శబ్దాన్ని వినదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగతో వేల చుట్లు, అంతే. అయస్కాంతం పక్కన ఉన్నందుకు పైనున్న ఉక్కు తీగ కూడా కాస్త అయస్కాంతం అవుతుంది. అది కదిలితే చుట్ట గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ మూగబోతుంది.

పికప్ తీగ మొత్తాన్ని చూడదు, తన పైనున్న చిన్న ముక్కనే చూస్తుంది. బేస్‌ల మధ్య తేడాలో సగానికి పైగా ఇక్కడే ఉందని నా నమ్మకం. ప్రతి అనుస్వరానికీ తీగ మీద బాగా ఊగే చోట్లు, అసలు కదలని చోట్లు ఉంటాయి. పికప్ సరిగ్గా కదలని చోటు కింద ఉంటే ఆ అనుస్వరం దానికి వినబడదు. తీగ పొడవులో బ్రిడ్జ్ నుంచి, అంటే బాడీ మీద తీగ ఆనే చోటు నుంచి, ఆరో వంతు దూరాన ఒక పికప్ ఉందనుకోండి. అడుగు స్వరపు ఊపులో సగం దానికి అందుతుంది. రెండో అనుస్వరం 87 శాతం, మూడోది పూర్తిగా అందుతాయి. ఆరోది సున్నా. అదే పికప్‌ను బ్రిడ్జ్‌కి దగ్గరగా పన్నెండో వంతుకు జరిపితే అడుగు స్వరం నాలుగో వంతుకు పడిపోతుంది, ఇందాక సున్నా అయిన ఆరోది పూర్తిగా వినబడుతుంది. తీగ అదే, వేలు అదే, చుట్ట అదే. నాదం మాత్రం బొద్దుగా ఉన్నది కాస్తా గరగరమంటూ పదునెక్కుతుంది.

ఫలానా అనుస్వరం బాగా ఊగే చోట పికప్ పెట్టామని గొప్పగా చెప్పుకునే ప్రకటనలు కనిపిస్తుంటాయి. ఆ లెక్క వేలు నొక్కని ఖాళీ తీగకే వర్తిస్తుంది. గిటార్ మెడ (నెక్) మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు పట్టీలను ఫ్రెట్లు అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలు నొక్కితే మోగే తీగ సగమవుతుంది. ఇందాకటి ఆరో వంతు ఇప్పుడు మూడో వంతు. ఫ్రెట్ మారిన ప్రతిసారీ పికప్ ఉన్నచోటే ఉన్నా దాని వాటా మారిపోతుంది. అలాగని చోటు ముఖ్యం కాదని కాదు. ఫెండర్ కంపెనీ రెండు పికప్‌లతో చేసే జాజ్ బేస్ అనే మోడల్‌లో 1970ల నాటి వాటికి బ్రిడ్జ్ వైపు పికప్ అంతకు ముందు కంటే సుమారు ఒక సెంటీమీటరు బ్రిడ్జ్‌కి దగ్గరగా జరిగింది. ఆ సెంటీమీటరు గురించి వాయించేవాళ్లు నేటికీ వాదించుకుంటున్నారు. చెవికి ఆ తేడా తెలుస్తుంది కూడా.

ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దానికి ఉన్నది ఒక్కటే పికప్, ఒక్కటే చుట్ట. ఫ్రెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు. ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ను పాల్ టుట్‌మార్క్ 1930లలోనే సియాటిల్‌లో తయారు చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. ఒక్క చుట్ట పికప్‌తో ఉన్న చిక్కు హమ్. గదిలో కరెంటు వైర్లు, లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ ఆయా దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్‌లో, వాటి రెట్టింపుల్లో గుంయ్‌మంటుంటాయి. పికప్ చుట్ట వాటికి యాంటెన్నా అవుతుంది. మామూలు గిటార్‌కైతే ఈ హమ్‌లో అడుగున ఉన్న 50, 60 హెర్ట్జ్ దాని స్వరాల కింద ఎక్కడో ఉంటాయి. బేస్‌కి అలా కాదు. లావు తీగ మీద మూడో ఫ్రెట్ స్వరం 49 హెర్ట్జ్, అంటే హమ్‌కి దాదాపు పక్క సీటు. ఫిల్టర్ పెట్టి హమ్‌ని కోస్తే స్వరమూ పోతుంది.

1957లో ప్రెసిషన్‌కి వచ్చిన పరిష్కారం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను లావు తీగలు రెండింటి కింద, రెండోదాన్ని సన్న తీగల కింద పెట్టారు. రెండు చుట్టలనూ ఎదురెదురు దిశల్లో కలిపారు. బయటి నుంచి వచ్చే హమ్ రెండింటిలోనూ పడుతుంది, కానీ ఒకదానిలో తలకిందులై వస్తుంది కాబట్టి కలిసేసరికి కొట్టుకుపోతుంది. తీగల సంకేతం మాత్రం పోదు. ఒక్కో తీగ ఒకే చుట్ట మీద ఉంది కదా, దాన్ని కొట్టేయడానికి రెండో చుట్టలో దాని జోడీ లేదు. పైగా ప్రతి తీగనూ ఒకే చోట వింటున్నందువల్ల ఒక్క చుట్ట పికప్‌కుండే స్పష్టతా పోలేదు.

హమ్‌ను రద్దు చేసే హంబకర్ అనే పికప్ దారి వేరు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించిన ఆ పద్ధతిలో రెండు చుట్టలూ ఒకే తీగను వింటాయి. చుట్ట దిశతో పాటు అయస్కాంతాన్ని కూడా తిప్పి పెడతారు. రెండుసార్లు తిరగబడిన తీగ సంకేతం మళ్లీ సరిగా నిలబడి కలుస్తుంది, ఒక్కసారే తిరగబడిన హమ్ రద్దవుతుంది. కాకపోతే రెండు చుట్టల మధ్య దూరం ఉంది కాబట్టి కొన్ని ఎత్తయిన అనుస్వరాలు ఒకచోట పైకి, రెండోచోట కిందికి ఊగుతూ తమను తాము చెరుపుకుంటాయి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు జరిగేదీ ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. మధ్య స్థాయి అనుస్వరాలు కొన్ని కొట్టుకుపోయి, మధ్యలో గుంట పడినట్టుండే ఆ నాదం వస్తుంది. హమ్ కూడా పోతుంది. ఒక పికప్ వాల్యూమ్ కాస్త తగ్గించారా, గుంట పూడుతుంది, హమ్ తిరిగొస్తుంది. వెనక, అంటే బ్రిడ్జ్ వైపు, పికప్ ఒక్కటే తెరిస్తే ఏం చేయొచ్చో బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్‌తో చూపించాడు. దాని ఫ్రెట్లు పీకేసి, వేళ్లు ఆనే చెక్కకు పడవలకు పూసే ఎపాక్సీ పూసిన బేస్ అది.

యాక్టివ్, పాసివ్ తేడాలో నాకు రహస్యమేమీ కనబడదు. బ్యాటరీ లేని పాసివ్ బేస్‌లో టోన్ నాబ్ ఒక కెపాసిటర్ ద్వారా పై అనుస్వరాలను పక్కకు దారి మళ్లిస్తుంది, అంటే తగ్గించడమే తప్ప పెంచడం దానికి రాదు. పొడుగు కేబుల్ కూడా ఒక కెపాసిటరే, అది కూడా మీకు చెప్పకుండా పై స్వరాలను కొంత మింగుతుంది. యాక్టివ్ బేస్‌లో, 1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో ఉన్నట్టు, లోపలే బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. కేబుల్ పొడవు దాన్ని బాధించదు, పై స్వరాలనూ కింది స్వరాలనూ పెంచుకోవచ్చు. జాక్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఈ సంగతి నేను స్టేజి మీద నేర్చుకున్నాను. రెండో పాటలో నాదం గొంతు పట్టేసినట్టు బొంగురుపోయి, పల్లవి తిరిగొచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది.

పికప్‌లు పోల్చేటప్పుడు జనం చూసే అంకె కిలో ఓమ్‌లలో రెసిస్టెన్స్. ఎక్కువుంటే పికప్ 'హాట్' అంటారు. అది సగం నిజం. చుట్లు పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, నిజమే. కానీ చుట్లు అలాగే ఉంచి సన్న తీగ వాడినా పెరుగుతుంది. గది 10 డిగ్రీలు వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ దాదాపు 4 శాతం పెరుగుతుంది. అంతమాత్రాన పికప్ ఎవరికీ 'హాట్'గా వినబడదు! ఇండక్టెన్స్ (కరెంటు మార్పును చుట్ట అడ్డుకునే గుణం), అయస్కాంతం బలం, తీగకూ పికప్‌కూ మధ్య ఎడం, ఇవి నాదం గురించి ఎక్కువ చెబుతాయి. ఎడం మార్చడానికి స్క్రూడ్రైవర్ చాలు. మరీ దగ్గరకు తెస్తే మాత్రం అయస్కాంతమే తీగను లాగి స్వరాన్ని వంకర చేస్తుంది.

పికప్ మార్చాలనుకునేవాళ్లకు నేను చెప్పేది, ముందు తీగలు మార్చి చూడమని. గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తీగలు మెరుపుగా, చదును రిబ్బన్ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు మెత్తగా పలుకుతాయి. పాతబడిన రౌండ్‌వౌండ్ తీగల సందుల్లో చెమట, దుమ్ము చేరి పై అనుస్వరాలను చంపేస్తాయి. అమెరికాలోని మోటౌన్ సంగీత కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. దాదాపు అంతా ఒక్క చూపుడువేలితోనే వాయించేవాడు. కొత్త తీగలున్న బేస్‌కీ ఏడాది నాటి తీగలున్న బేస్‌కీ పోటీ పెడితే మీరు పోలుస్తున్నది తీగలనే.

బాడీ చెక్కను బట్టి నాదం మారుతుందా అన్న వాదన గురించి ఎవరితోనూ గొడవ పడదలచుకోలేదు. ఘనమైన చెక్క బాడీ ఉన్న బేస్‌లో, పైన చెప్పుకున్న వాటన్నిటి తర్వాత చెక్క జాతి వంతు వస్తుందని, అది చాలా చిన్నదని నా అభిప్రాయం. బరువు మాత్రం భుజానికి తెలుస్తుంది.

తయారీ నాణ్యత ఉన్నది నెక్‌లో. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను 70, 80 కిలోల బరువంత బలంతో లాగుతుంటాయి, పగలూ రాత్రీ. లోపలున్న ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్, దానికి ఎదురు తిరుగుతుంది. తీగ విల్లులా ఊగుతుంది కాబట్టి నెక్‌కు కూడా చాలా కొద్దిపాటి వంపు కావాలి. మరీ తిన్నగా ఉంటే తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. ఒక్క ఫ్రెట్ వెంట్రుకంత ఎత్తుగా లేచినా దాని వెనక ఫ్రెట్‌లో ఇదే గోల. తీగ పొడవు సంగతీ ఇక్కడిదే. అదే తీగ, అదే స్వరం కావాలంటే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 అంగుళాల బేస్ కంటే 34 అంగుళాల దానిలో బిగువు సుమారు 28 శాతం ఎక్కువ. 31 హెర్ట్జ్ పలికే అయిదో తీగ చాలా బేస్‌లలో వదులుగా, మసకగా ఉండటానికి ఇది ఒక కారణం. 35 అంగుళాలకు పెంచితే బిగువు 6 శాతమే పెరుగుతుంది, అయినా కొందరికి అదే చాలు.

కొత్త బేస్ చేతికొస్తే యాంప్లిఫయర్‌కు కలపకముందే నేను చేసే పరీక్ష ఒకటుంది. సన్న తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో దాకా ఒక్కో స్వరం మీటి, ఎంతసేపు మోగుతుందో వింటాను. చాలా బేస్‌లలో అయిదో ఫ్రెట్‌కూ ఏడో ఫ్రెట్‌కూ మధ్య ఎక్కడో ఒక స్వరం ఠప్పున చచ్చిపోతుంది. డెడ్ స్పాట్ అంటారు. నెక్ కూడా ఒక కడ్డీయే, దానికీ సొంత పౌనఃపున్యం ఉంటుంది. అక్కడి స్వరం, సుమారు 130 నుంచి 147 హెర్ట్జ్, దానితో కలిసిందంటే తీగలోని శక్తి నెక్‌లోకి జారిపోతుంది. అదే స్వరాన్ని పక్క తీగ మీద అయిదు ఫ్రెట్లు పైన వాయిస్తే తరచు హాయిగా మోగుతుంది, ఎందుకంటే నెక్ అక్కడ అంతగా ఊగదు. ఖరీదైన బేస్‌లూ దీనికి అతీతం కావు. కార్బన్ ఫైబర్ నెక్‌లు గట్టిగా ఉండి ఈ పౌనఃపున్యాన్ని పైకి నెట్టేస్తాయి. చెక్క నెక్ ఉన్నవాళ్లు నెక్ కొసన ఉండే హెడ్‌స్టాక్‌కు ఒక చిన్న ఇనుప క్లాంప్ బిగించి చూడొచ్చు. బరువు పెరిగితే నెక్ పౌనఃపున్యం తగ్గుతుంది. చచ్చిన స్వరం లేచి కూర్చుంటుంది, దాని కింద ఫ్రెట్‌లో ఉన్నది పడుకుంటుంది.