పాత గేమ్ డిస్కులు: అపోహలు, వాస్తవాలు

పాత కంప్యూటర్లను, వాటిలో నడిచిన సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసే వృత్తిలో ఉన్నందువల్ల, ఇరవై ఏళ్ల కిందట కొన్న గేమ్ డిస్కులను తీసుకువచ్చే వారిని తరచుగా చూస్తుంటాను. డిస్కు పాడైందని చాలామంది ముందే తేల్చేసుకుని వస్తారు.

అపోహ: కొత్త విండోస్‌లో గేమ్ తెరుచుకోకపోతే డిస్కు చెడిపోయినట్టే.

వాస్తవం: డిస్కు నిక్షేపంగా ఉండి కూడా గేమ్ తెరుచుకోకపోవచ్చు. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న డిస్కులలో కొన్ని సెక్టార్లను (డేటా ఉండే చిన్న భాగాలను) తయారీలోనే, కావాలని, చదవడానికి వీలులేకుండా చేసేవారు. మామూలు నకలులో ఆ లోపాలు దిగవు కనుక, వాటిని బట్టే గేమ్ అసలు డిస్కును గుర్తుపట్టేది. అందుకే, పరీక్షించే సాఫ్ట్‌వేర్ లోపాలు చూపిందని ఇటువంటి డిస్కును పారవేయవద్దని అందరికీ చెబుతాను. ఆ గుర్తింపు జరగడానికి విండోస్ కెర్నల్‌లో, అంటే సిస్టమ్ మొత్తాన్ని నడిపే కేంద్ర భాగంలో, పనిచేసే ఒక డ్రైవర్ (సహాయక ప్రోగ్రామ్) అవసరం. సాధారణ వినియోగదారుకు సిస్టమ్ మొత్తంపై అధికారం దక్కేలా చేసే భద్రతా లోపం ఆ డ్రైవర్‌లో ఉన్నట్టు 2007లో బయటపడగా, మైక్రోసాఫ్ట్ దానిని సరిదిద్దింది. అయితే 2015లో వచ్చిన విండోస్ 10లో ఆ డ్రైవర్‌కు చోటే ఇవ్వలేదు; అదే సంవత్సరం సెప్టెంబరులో ఒక అప్‌డేట్ ద్వారా విస్టా, 7, 8 వెర్షన్లలోనూ దానిని నిలిపివేసింది.

అపోహ: కంపాటిబిలిటీ మోడ్ పెడితే నడుస్తుంది.

వాస్తవం: ఆ మోడ్ గేమ్‌కు పాత విండోస్ ఉన్నట్టు చూపగలదు గాని, లేని డ్రైవర్‌ను తెచ్చిపెట్టలేదు. గేమ్ 32 బిట్లదే అయినా దాని ఇన్‌స్టాలర్ (గేమ్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) పాతకాలపు 16 బిట్లదైతే, 64 బిట్ల విండోస్‌లో అది సాధారణంగా మొదలే కాదు.

అపోహ: ఐఎస్‌ఓ ఫైలు (డిస్కులోని డేటాకు నకలు) తీసి పెట్టుకుంటే డిస్కు భద్రపడినట్టే.

వాస్తవం: ఐఎస్‌ఓలో డేటా మాత్రమే నిలుస్తుంది, ఉద్దేశపూర్వకమైన లోపాలు, సబ్‌ఛానల్ సమాచారం (డేటాతో పాటు డిస్కుపై విడిగా ఉండే అదనపు సంకేతాలు) అందులోకి రావు. 1990లలో ఎన్నో గేమ్‌ల సంగీతం ఆడియో సీడీలో మాదిరిగా విడి ట్రాకులలో ఉండేది కనుక, ఐఎస్‌ఓ నుంచి ఆడితే ఆ సంగీతం వినబడదు. అటువంటి డిస్కులకు బిన్ (ట్రాకులన్నీ ఉండేది), క్యూ (ఆ ట్రాకుల క్రమాన్ని చెప్పేది) ఫైళ్ల జత తీయడం మేలు.

అపోహ: డిస్కు నాది కనుక రక్షణను ఎందుకోసం తొలగించినా తప్పు కాదు.

వాస్తవం: డిస్కు పోయినా, పాడైనా ఉపయోగపడేలా బ్యాకప్ తీసుకోవడానికి భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. కానీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తే, 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి.

నా దగ్గరకు వచ్చిన వారికి, ప్రచురణకర్తలే డిస్కు తనిఖీని తీసివేసి విడుదల చేసిన ప్యాచ్ (సవరణ ఫైలు) ఉందేమో ముందుగా చూడమంటాను. లేకపోతే జీఓజీ వంటి అమ్మకందారుల వద్ద ఆ గేమ్ కొత్త విడుదల దొరుకుతుందేమో వెతకమంటాను. రెండూ కుదరనప్పుడు, ఇంటర్నెట్‌కు కలపని పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను గేమ్ కోసమే కేటాయించడం మేలు. తొలగించిన ఆ డ్రైవర్‌ను ఎవరో పెట్టిన లింకు నుంచి దించుకుని, రోజూ బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటర్‌లో ఎక్కించడాన్ని మాత్రం నేను ఎవరికీ సూచించను.