జట్ల లెక్క: 252లో సగం ఎందుకు పోవాలి?

పది మంది ఆటగాళ్లను ఐదుగురు చొప్పున రెండు జట్లుగా ఎన్ని విధాలుగా విడదీయవచ్చు? కర్నూలు కోచింగ్ సెంటర్లలో ఈ పాత తగాదా ఈ వారం మళ్లీ రాజుకుంది. ఒక నమూనా పరీక్ష ‘కీ’లో జవాబు 252 అని ఇచ్చారు. 126 పెట్టి మార్కు పోగొట్టుకున్నవాళ్లు అభ్యంతరాలు రాసిచ్చారు. ఆప్షన్లలో రెండూ ఉన్నాయి.

ఈ తగాదాకు కావలసింది 1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’ గణిత గ్రంథం చివర ఉంది, అంకెల అమరికలను లెక్కపెట్టే అంకపాశం అనే భాగంలో. 2, 2, 1, 1 అంకెలతో ఎన్ని సంఖ్యలు వస్తాయని అడిగాడాయన. నాలుగూ వేర్వేరైతే 24. రెండు 2లు చోట్లు మార్చుకుంటే సంఖ్య మారదు, రెండు 1లూ అంతే. కాబట్టి 24ను 2తో, మళ్లీ 2తో భాగిస్తే 6. అలాగే 4, 8, 5, 5, 5కు 120ని 6తో భాగించి 20 అన్నాడు. ముందు అన్నీ వేరే అనుకుని లెక్కపెట్టు, తేడా కనిపించని తారుమార్లను తర్వాత భాగించి తీసెయ్. జట్ల లెక్కకూ ఇదే పద్ధతి.

పది మందిలో ఐదుగురిని 252 విధాలుగా ఎంచుకోవచ్చు. మిగిలిన ఐదుగురూ రెండో జట్టు. ఆ మిగిలినవాళ్లనే ముందు ఎంచుకున్నా వచ్చేది అదే విభజన. అంటే ప్రతి విభజనా రెండేసి సార్లు లెక్కలో పడింది. సరిచూడాలంటే ఎవరో ఒక ఆటగాణ్ణి పట్టుకోండి. అతని జట్టులోకి మిగతా 9 మందిలోంచి నలుగురు రావాలి. 9సి4, అంటే 9 మందిలోంచి నలుగురిని ఎంచుకునే విధాలు, 126. ఇంకా అనుమానముంటే నలుగురితో చేసి చూడండి: అఆ–ఇఈ, అఇ–ఆఈ, అఈ–ఆఇ. మూడే. 4సి2 మాత్రం 6 అంటుంది.

జట్లు ఎదురెదురుగా ఆడతాయి, ఎవరు ఏ వైపో తేడా ఉంటుందని 252 వాళ్ల మాట. ప్రశ్నలో ‘ఎ జట్టు, బి జట్టు’ అని ఉంటే ఆ మాట నిలుస్తుంది. లేదు.

ఇంటర్లో పేకముక్కల లెక్క చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. 52 ముక్కల్ని నలుగురికి సమానంగా పంచితే 52!ను (52 క్రమగుణితం, అంటే 1 నుంచి 52 దాకా సంఖ్యల లబ్ధం) నాలుగు 13!లతో భాగించి ఆగాలి. నాలుగు సమాన కట్టలుగా విడదీయమంటే మరో 4!తో భాగించాలి. పంచినప్పుడు పుచ్చుకునే మనిషి ఉంటాడు, విడదీసినప్పుడు ఉండడు. ప్రశ్నలో క్రియను చూడకుండా సూత్రం ఎత్తుకుంటే మార్కు పోతుంది.

అభ్యంతరం పెట్టినవాళ్లలోనూ కొందరు ఎన్ని జట్లుంటే అంత క్రమగుణితంతో గుడ్డిగా భాగిస్తున్నారు. పది మందిని 6, 4గా విడదీస్తే 210. అక్కడ భాగించేదేమీ లేదు. 4, 3, 3గా అయితే ముందు 4200 వస్తుంది. సమానమైన జట్లు రెండే కాబట్టి 2!తోనే భాగించాలి, 2100. జట్లు మూడు కదా అని 3!తో భాగించి 700 రాస్తే తప్పు. నలుగురి జట్టు ముగ్గురి జట్టుతో తారుమారు కాదు.